జమీలా ఉన్న ఏడాది

ఆ కుర్చీలోంచి లేచిన ప్రతి మనిషీ మొదట అడిగేది ఒక్కటే, మావాళ్ళేరీ అని. ఉద్యోగం వచ్చిందా అని అడగరు. జీతం ఎంతిస్తారనీ అడగరు. పొద్దున లోపలికి వెళ్ళింది వాటి కోసమే కదా, బయటికొచ్చేసరికి అవేవీ గుర్తుండవు.

హైమావతి కూడా అదే అడిగింది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా గళ్ళచీర కట్టుకున్న ఒకావిడ మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది. ఆవిడ పేరు ఫణికుమారి, భీమవరం మనిషి. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళను ఆ కుర్చీలో కూర్చోబెట్టడం, మళ్ళీ లేపడం ఆవిడ ఉద్యోగం. హైమ గ్లాసు వంక చూడనైనా లేదు. గది నాలుగు మూలలా కళ్ళతో వెతికి, "జమీలా ఏది? ఇప్పుడే ఈడ ఉండె" అంది.

"ఎవరూ లేరండీ. ముందు నీళ్ళు తాగండి" అంది ఫణికుమారి. రోజూ చెప్పే మాటే. అయినా పాపం, ఆవిడకు ఆ మాట చెప్పడం ఇప్పటికీ అలవాటు కాలేదు.

గోడ గడియారంలో మధ్యాహ్నం ఒంటిగంట. హైమ ఆ కుర్చీలో కూర్చున్నది ఆ పొద్దునే. ఆమెకు మాత్రం మధ్యలో ఎండలు పోయి, వానలు పడి, చలి వచ్చి వెళ్ళిపోయింది.

అంతకుముందు చాలా నెలలుగా హైమ సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల కోసం కాళ్ళరిగేలా తిరిగింది. కాళ్ళరిగేలా అనడం మాటవరసకే. చాలావాటికి హాస్టల్ మంచం మీదే కూర్చుంది, పైకి కనిపించేంతమేర ఇస్త్రీ చున్నీ, కిందంతా పాత నైటీ. తెర మీద ఎవరో ఒకబ్బాయి మొహం కూడా చూపించకుండా ఒక లెక్క ఇచ్చేవాడు. ఆమె చేస్తుంటే అవతల టకటకా ఏదో సొంత పని చేసుకుంటున్న చప్పుడు వినిపించేది. లెక్క బాగానే వచ్చేది. ఆ తర్వాత తప్పకుండా ఒక ప్రశ్న వచ్చేది, మధ్యలో ఈ ఆరేళ్ళు ఏం చేశారని.

ఆ ఆరేళ్ళూ హైమ అక్కను చూసుకుంది. సులోచనక్కకు కిడ్నీలు పోయాయి. వారంలో సగం డయాలసిస్, మిగతా సగం ఆ నీరసం. బావ మొదటి ఏడాదే మొహం చాటేశాడు. హైమ ఉద్యోగం మానేసి ఉండిపోయింది. అక్క పోయాక జనగామలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, కొండాపూర్‌లో ఆడవాళ్ళ హాస్టల్లో చేరింది. అడిగినవాళ్ళకు ఇదే రెండు ముక్కల్లో చెప్పేది. ఓకే అనేవారు. ఆ ఓకే వెంటే తెలియజేస్తాం అనేవారు. ఒక్కళ్ళూ తెలియజేసిన పాపాన పోలేదు.

ఇక ఈ కంపెనీ. దాని పేరు మనకు అనవసరం. ఆ దారిన తిరిగే ఆటోవాళ్ళంతా దాన్ని ఏడుపు బిల్డింగు అంటారు. వాళ్ళూ ఒకప్పుడు అందరిలాగే లెక్కలిచ్చి మనుషుల్ని ఎంచుకున్నారు. లెక్కలు బట్టీపట్టి వచ్చినవాళ్ళు చేరాక, పక్కమనిషితో పొసగక నానా రభస చేశారు. కలిసి ఏడాది పనిచేస్తే గాని మనిషి సంగతి తెలియదు కదా అని ఎవరో అన్నారట. అయితే ఆ ఏడాదేదో ముందే చేయించేద్దాం అని ఇంకెవరో అన్నారట. అలా పుట్టింది ఏడాది గది.

తలకు మెత్తటి పట్టీ, చెవుల వెనక రెండు బిళ్ళలు, మోచేతి దగ్గర సన్నటి సూది. మధ్యాహ్నం కునుకులో వచ్చిన కలలో పెళ్ళీ పిల్లలూ సంసారమూ అన్నీ అయిపోయినట్టు, ఒక్క పూటలో ఏడాది గడిచిపోతుంది. ఆ ఏడాదంతా పనిచేసే ఆఫీసు యంత్రం కల్పించింది, అందులో మనుషులూ యంత్రం కల్పించినవాళ్ళే. ఎవరు పరీక్షకు వచ్చినా అదే ఆఫీసు, అదే మనుషులు. అందరినీ ఒకే త్రాసులో తూచాలి కదా మరి. ఇదంతా ఫణికుమారి ముందే చెబుతుంది. లోపల నెల తిరిగేసరికి, మొదటిసారి వచ్చినవాళ్ళెవరికీ ఇది పరీక్ష అన్న సంగతి గుర్తుండదు.

జమీలా ఆ ఆఫీసులో టెస్టరు. హైమ రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టడమే ఆమె పని. మహబూబ్‌నగర్ మనిషి, నలభైకి దగ్గర పడిన వయసు, మాట పెళుసు. తప్పు దొరికితే అందరిలా కంప్యూటర్లో రాసి పంపేది కాదు. లేచి వచ్చి హైమ కుర్చీ వెనక నిలబడేది. నోరు విప్పేది కాదు. ఆ నిలబడటానికే హైమకు చెమటలు పట్టి, తప్పెక్కడుందో తనకే తట్టేది. అప్పుడు జమీలా భుజం మీద ఒక చరుపు చరిచి వెళ్ళిపోయేది.

తిండి దగ్గర మరీ దౌర్జన్యం. హైమ డబ్బా తెరవకుండా పనిలో పడిపోతే చున్నీ చెంగు పట్టుకుని క్యాంటీనుకు లాక్కుపోయేది. అక్కడ ఒక మధ్యాహ్నం ఆ ఆరేళ్ళ మాట వచ్చింది. హైమ అలవాటు ప్రకారం రెండు ముక్కల్లో చెప్పేసి, ఓకే అంటుందని ఎదురుచూసింది. జమీలా కలుపుతున్న అన్నంలో చెయ్యి ఆపింది.

"మీ అక్క ఎట్లుండేది?"

హైమ డబ్బా పక్కకు జరిపింది. జబ్బేమిటని అడిగినవాళ్ళున్నారు, ఎప్పుడు పోయిందని అడిగినవాళ్ళున్నారు. అక్క ఎలా ఉండేదని ఇన్నేళ్ళలో ఒక్క ప్రాణీ అడగలేదు. ఇక మొదలుపెట్టింది. సినిమాకు వెళ్తే అక్క పక్కవాళ్ళకు ముగింపు ముందే చెప్పేసి తిట్లు తినేదని చెప్పింది. కుట్టుమిషను తొక్కుతూ వీధిలో అందరి నడకలూ అనుకరించేదని, చివరికి డయాలసిస్ మంచం మీద కూడా నర్సులకు ముద్దుపేర్లు పెట్టి నవ్వించేదని చెప్పింది. క్యాంటీను ఖాళీ అయి బల్లలు తుడుస్తున్నా చెబుతూనే ఉంది. జమీలా ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. ఆ రోజు నుంచి జమీలా అంటే హైమకు ప్రాణం.

వానలు వెనకబట్టాక జరిగింది అసలు సంగతి. వాళ్ళ టీము చూసేది ఆసుపత్రి టోకెన్ల ప్రోగ్రాము. రోగులు ఇంటి దగ్గరే ఫోన్లో టోకెను తీసుకుని రావచ్చు. ఇలాంటి పనిలో రెండు రకాల డేటా ఉంటుంది. ఒకటి పరీక్షల కోసం పెట్టుకున్న ఉత్తుత్తి డేటా, దాన్ని ఎన్నిసార్లయినా చెరిపెయ్యవచ్చు. రెండోది నిజం మనుషులది, దాని జోలికి పోకూడదు. తెర మీద రెండూ పక్కపక్కనే, అచ్చం ఒకేలా కనిపిస్తాయి. జమీలా ఉత్తుత్తిది అనుకుని నిజందాన్ని చెరిపేసింది. ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ పీడకలలో వచ్చే తప్పు అదే. మర్నాడు పొద్దున ఆసుపత్రుల ముందు వందల మంది జబ్బు మనుషులు టోకెన్లు లేకుండా ఎండలో నిలబడ్డారు.

ఇలాంటివి జరిగాక టీమంతా కూర్చునే మీటింగును వాళ్ళు పోస్ట్‌మార్టం అంటారు. ఆ గది గోడ మీద 'తప్పు మనిషిది కాదు, పద్ధతిది' అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. రాత అది. జరిగేది ఏమిటంటే, పేరు బయటికొచ్చిన మనిషి వారం తిరక్కుండా చడీచప్పుడు లేకుండా మాయమవుతాడు. నిజం డేటా తలుపుకు టీమంతటికీ ఒకటే పాస్‌వర్డు కాబట్టి ఎవరు తీశారో యంత్రాన్ని అడిగి లాభం లేదు, మనుషుల్నే అడగాలి. టీము పెద్ద పురుషోత్తం కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఇది శిక్ష కోసం కాదని, రికార్డు కోసమేనని మెత్తగా చెప్పాడు.

హైమ పక్కకు చూసింది. జమీలా మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆమె పెదవులు కదలబోతున్నాయి. హైమ లేచి నిలబడింది.

"నేనే చేసిన సార్."

పురుషోత్తం నమ్మాడో లేదో, రాసుకున్నాడు. పరీక్షకు వచ్చిన మనిషిని మధ్యలో పంపేస్తే ఏడాది నిండదు కాబట్టి హైమను నాలుగు చీవాట్లు పెట్టి ఉంచేశారు. జమీలా ఆ సాయంత్రం ఆమెతో మాట్లాడలేదు. మర్నాడు ఎప్పట్లా చున్నీ పట్టుకుని లాక్కుపోయింది. ఆ తర్వాతి నెలలు హైమ బతుకులో మంచి నెలలు. చివరి రోజు సాయంత్రం లిఫ్టు దగ్గర జమీలా, రేపు వస్తవు గద అని అడిగింది. వస్త అంది హైమ. కళ్ళు తెరిస్తే ఫణికుమారి, మంచినీళ్ళ గ్లాసు.

ఫలితం ఆ సాయంత్రమే వచ్చింది. పనితనం బాగుందట, కానీ కీలకమైన సమయంలో వాస్తవం దాచారట. ఆరు నెలలు ఆగి మళ్ళీ ప్రయత్నించవచ్చునట.

అక్క పోయినప్పుడు పరామర్శకు నలుగురైనా వచ్చారు. జమీలా కోసం ఎవరొస్తారు? అసలు ఏమని చెప్పుకోవాలి, ఎవరు పోయారని చెప్పుకోవాలి? హాస్టల్లో పక్కమంచం తులసి, ఎందుకట్లున్నవని అడిగితే ఇంటర్వ్యూ పోయిందని చెప్పింది. ఒకటి పోతే ఇంకోటి రాదా అని తులసి చెవుల్లో ఫోను తీగలు పెట్టుకుని అటు తిరిగి పడుకుంది. తప్పు ఆ పిల్లది కాదు. భోజనాల గదిలో అందరూ ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ తింటారు. హైమ పళ్ళెం ముందు పెట్టుకుని, ఎవరైనా చున్నీ లాగుతారేమోనని కూర్చునేది.

ఒకరోజు ఉండబట్టలేక బస్సెక్కి మహబూబ్‌నగర్ వెళ్ళింది. పిచ్చిపనని తెలుసు. జమీలా చెప్పిన వీధి పేరు పది మందిని అడిగింది, అలాంటి వీధి ఈ ఊళ్ళో లేదన్నారు. బస్టాండులో మిరపకాయ బజ్జీలు తిని తిరిగొచ్చేసింది. చేతిలో డబ్బు అడుగంటుతోంది, ఉద్యోగం రాకపోతే హాస్టలు కూడా ఖాళీ చెయ్యాలి. అయినా ఆరు నెలల గడువు ఎప్పుడు తీరుతుందా అని ఆమె ఎదురుచూసింది మాత్రం ఉద్యోగం కోసం కాదు.

రెండోసారి పట్టీ బిగిస్తూ ఫణికుమారి ఆమెను గుర్తుపట్టింది. గొంతు తగ్గించి, "మళ్ళీ వచ్చేవాళ్ళలో సగం మంది ఉద్యోగానికి రారండీ" అంది. హైమ తల తిప్పుకుంది.

"కొత్తగ వచ్చినవా? నీ పేరేంది?" అంది జమీలా.

అదే ఆఫీసు, అదే పెళుసు గొంతు. కళ్ళలో మాత్రం ఎరిగినదనం అన్నది లేదు. హైమ నిలువునా ఏడ్చేసింది. ఇంటి మీద బెంగ పెట్టుకున్నదేమో అనుకుని జమీలా నీళ్ళిచ్చింది. అక్కడితో ఆగితే బాగుండేది. హైమకు తొందరెక్కువైంది. వారంలోనే జమీలాకు ఇష్టమైన పచ్చడి వండించుకుని తెచ్చింది, ఆమె చెప్పబోయే మాటలు ముందే అందించింది, సులోచనక్క కథంతా అడక్కముందే ఏకరువు పెట్టింది. జమీలా కొంచెం వెనక్కి జరిగి, నా సంగతులు నీకెవరు చెప్పిన్రు అని అనుమానంగా అడిగింది. స్నేహం కుదరకపోలేదు, కుదిరింది. కాకపోతే మీ అక్క ఎట్లుండేది అన్న ప్రశ్న ఈసారి రాలేదు. అన్నీ విన్నాక ఇక అడగడానికి ఏముంటుంది?

వానలు వెనకబట్టే వేళకి హైమ జాగ్రత్తపడింది. తెర మీద నిజం డేటా కనిపించే కిటికీకి ఎర్రరంగు వేయించింది. ఆ వారమంతా ఏదో వంకతో జమీలా పక్కనే కూర్చుంది. వారం దాటింది, ఏమీ కాలేదు. గండం గడిచిందనుకుంది. ఆ తర్వాత ఒకరోజు పురుషోత్తం పిలిస్తే పక్కగదికి వెళ్ళి వచ్చేసరికి జమీలా నిజందాన్ని చెరిపేసి ఉంది. ఆ ఎర్రరంగు అంతకుముందు రోజే ఎవరో తీసేశారు. గది తన పరీక్షను అంత తేలిగ్గా వదులుకుంటుందా?

మళ్ళీ అదే మీటింగు, అదే గోడ, అవే కళ్ళద్దాలు. ఇప్పుడు హైమకు అంతా తెలుసు. జమీలా పేరు చెబితే ఉద్యోగం వస్తుంది, జమీలా పోతుంది. తన పేరు చెప్పుకుంటే జమీలా ఉంటుంది, తను మళ్ళీ ఆ హాస్టల్ మంచం మీద పడుతుంది, అదీ హాస్టలంటూ మిగిలితే. ఈ రెండూ కాని దారి ఏదైనా ఉందా అని వెతుక్కుంటూ ఒక్క క్షణం నీళ్ళు నమిలింది. ఆ క్షణంలోనే పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది.

"నేనే చేసిన సార్" అంది జమీలా. "చూసుకోలే. తప్పు నాదే."

పోయినసారి ఆ పెదవులు కదలబోయింది ఇందుకేనని హైమకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయింది. మీటింగు అయ్యాక మెట్ల దగ్గర పట్టుకుని, నువ్వెందుకు లేచినవ్, నేను చెబుదామనే అనుకుంటున్న అని ఏడుస్తూ అంది.

జమీలాకు కోపమొచ్చింది. "నా తప్పు నేను చెప్పుకోలేనా? నీకెందుకు? మంది ముంగట తలెత్తుకొని పోనియ్యవా నన్ను?"

వారం తిరక్కుండా ఆమె కుర్చీ ఖాళీ అయింది. ఆమె స్థానంలో వచ్చిన టెస్టరు తప్పులన్నీ పద్ధతిగా కంప్యూటర్లో రాసి పంపేవాడు. లేచి వచ్చి వెనక నిలబడలేదు. మిగిలిన నెలలు హైమ తన బల్ల దగ్గరే తింది. కొన్నాళ్ళు తినలేదు కూడా, అడిగే దిక్కు లేదు.

ఈసారి ఫలితం చెప్పడానికి పైఅంతస్తుకు పిలిచారు. శశిభూషణ్ అనే పెద్దమనిషి చెయ్యి కలిపి అభినందించాడు. సహోద్యోగిని కాపాడాలన్న మోహానికి లొంగకుండా నిజాన్ని బయటికి రానిచ్చారని, అలాంటివాళ్ళు వందలో ఒకరని మెచ్చుకున్నాడు. హైమ వింటూ కూర్చుంది. ఆమె నిజం చెప్పలేదు, అబద్ధమూ చెప్పలేదు. ఆలస్యం చేసింది. ఆ ఆలస్యానికి ఉద్యోగం ఇచ్చారు.

అన్ని ఇంటర్వ్యూల్లోనూ చివర అడిగే ప్రశ్న ఆయనా అడిగాడు, మీకేమైనా సందేహాలున్నాయా అని.

"జమీలా ఇప్పుడు ఏం చేస్తుంటది సార్?"

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వి, మధ్యాహ్నం బ్యాచి మొదలైంది కదా, కొత్తగా వచ్చినవాళ్ళ పేరేమిటని అడుగుతూ ఉంటుంది అన్నాడు. ప్రతిసారీ ఆమే తప్పు చేస్తుందా అని హైమ అడిగింది. చేస్తుందట, పరీక్ష అదే కదా. ప్రతిసారీ ఆమే లేచి ఒప్పుకుంటుందా అని అడిగింది. ఎవరూ అడ్డుపడకపోతే తప్పకుండా లేస్తుంది అన్నాడాయన, బాగా తయారుచేసిన వస్తువు గురించి చెప్పినట్టు.

ఆ అంతస్తంతా గాజు గదులు. ఒక్కో గదిలో ఒక్కో మనిషి, చెవులు మూసుకుని తెర వంక చూస్తూ. టీములో మిగతావాళ్ళు నాలుగు ఊళ్ళలో ఉంటారట, నెలకోసారి తెర మీద కలుస్తారట. ఒకసారి ఉద్యోగంలో చేరినవాళ్ళను మళ్ళీ ఏడాది గదిలోకి పంపరట. హైమ ఆ గదుల వంక చూసి, కింద ఫణికుమారి గారి దగ్గర ఏదైనా పని ఉందా సార్ అని అడిగింది. శశిభూషణ్‌కు మతిపోయింది. అది ఇంజనీర్ల పని కాదని, జీతం సగం కూడా ఉండదని నచ్చజెప్పాడు. హాస్టలుకు సరిపోతుంది కదా అంది హైమ. ఫణికుమారి ఆ ఉద్యోగం ఇక తనవల్ల కాదని అప్పటికే రాజీనామా ఇచ్చి ఉండటంతో పని సులువైంది.

ఇప్పుడు కుర్చీ పక్కన మంచినీళ్ళ గ్లాసుతో నిలబడేది హైమావతి. నిన్న పొద్దున బ్యాచిలో కోటిలింగం అని ఒకాయన వచ్చాడు. చాలా ఏళ్ళు చేసిన కంపెనీ ఒక్క ఈమెయిలుతో తీసేస్తే, చెవుల దగ్గర నెరిసిన జుట్టుకు రంగేసుకుని ఇంటర్వ్యూలకు తిరుగుతున్న మనిషి. మధ్యాహ్నం కళ్ళు తెరిచి గది నలుమూలలా వెతికాడు. జమీలమ్మ ఏదని అడిగాడు.

ఎవరూ లేరని చెప్పమని కంపెనీ ఆదేశం. హైమ ఆ మాట చెప్పలేదు. గ్లాసు ఆయన చేతిలో పెట్టి, చుట్టూ ఒకసారి చూసుకుని అడిగింది.

"బాగున్నదా అన్నా?"

కోటిలింగం ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఈమెకూ తెలుసన్నమాట. ఇక ఆయనకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బాగున్నదన్నాడు. చలికాలంలో స్కూటీ నేర్చుకుంటానని పట్టుబట్టిందట, పార్కింగులో తనే వెనక పట్టుకుని పరిగెత్తాడట, వదలొద్దు వదలొద్దు అంటూనే ఒకరోజు వదిలించుకుని గేటు దాకా వెళ్ళిపోయిందట. హైమ నోరు తెరుచుకుని విన్నది. రెండుసార్లు కలిసి ఉన్నా జమీలాకు స్కూటీ ముచ్చటుందని ఆమెకు తెలియదు.

కోటిలింగం నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మీటింగు సంగతి చెప్పాడు. ఆమె లేవబోతుంటే చూడలేక, తనే లేచి నేను చేసిన అన్నాడట. తనకు ఇద్దరు పిల్లలున్నారని, ఈ ఉద్యోగం చాలా అవసరమని చెప్పి, వస్తదా అమ్మా అని అడిగాడు.

ఆమెను లేవనియ్యాల్సిందన్నా అని చెప్పబోయి హైమ ఆగిపోయింది.

"రాదన్నా" అంది. తర్వాత ఖాళీ గ్లాసు తీస్తూ, "అయితే ఆమె ఏడాదంతా ఉన్నదా?"

"ఉన్నది. ఆఖరి రోజు దాక ఉన్నది."

మధ్యాహ్నం బ్యాచి రావడానికి ఇంకా వ్యవధి ఉంది. హైమ తలుపు దగ్గరగా వేసి వచ్చి, పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"చెప్పన్నా" అంది. "మొదటి రోజు నుంచి చెప్పు."